గొర్రెల ముక్కులకు తలనొప్పి మందు

ఈ డబ్బా మూత మీద కణతలు నొక్కుకుంటూ కళ్లు మూసుకున్న ఆడమనిషి ఎవరో గానీ, బొమ్మ గీసినవాడు ఇవాళ నన్ను చూసే గీసినట్టున్నాడు, కాకపోతే ఆమెది పచ్చచీర, నాది చీరే కాదు, మోకాళ్ల దాకా మట్టి కొట్టుకున్న ప్యాంటు, మా నాన్న అక్క ఠకూ ఆత్యకు నచ్చని ప్యాంటు, గొర్రెల్లోకి వచ్చే ఆడపిల్లకి ప్యాంటేంటే అని మొదటిరోజే అడిగింది, నిన్న సాయంత్రం నుంచి అదీ అడగడం లేదు, పొద్దున ఒక్క మాట తప్ప నాతో ఏమీ మాట్లాడటం లేదు, ఇంకా తిట్టినా బాగుండేది, ఆత్య నోరు మూసుకుని కూర్చుందంటే నీరా కాలువ ఎండిపోయిందన్నట్టే లెక్క, నా ఒళ్లో గోనెసంచి, అందులో ముప్పై రెండు డబ్బాల తలనొప్పి మందు, కదిలినప్పుడల్లా గలగలమంటోంది, పొద్దు జొన్నచేను మీద ఇంకా బారెడు ఎత్తున ఉంది, ఆత్య మొగుడు సిదూ మామ మందను తోలుకుని వచ్చే వేళ దగ్గర పడుతోంది, నా ఎదురుగా పదకొండు వెదురు గంపల కింద అరవై ఒక్క గొర్రెపిల్లలు, అన్నీ ఆకలితో, అన్నీ నా మూలంగా, నేను సగుణని, ఈ తాలూకా పశువుల ఆసుపత్రి డాక్టరుని, మా నాన్నా మామా కలిసి మందలు తోలిన రోజుల్లో గొర్రెలు కాసే ఈ ధన్‌గర్ల మకాంలోనే పుట్టినదాన్ని, ఆయీ, అంటే మా అమ్మ, నీళ్లకు పోయినప్పుడు నన్నూ పిల్లలతో పాటు ఇలాంటి గంప కిందే పెట్టి పోయేదట, అలా పెరిగిన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి, తెలిసి కూడా చేశాను చూడు, అదీ నా గొప్ప.

పిడుదులు పడ్డాయని కబురు పెట్టింది ఆత్యే, పిల్లల చెవుల వెనక, తోకల కింద, రక్తం తాగి కందిగింజలంత ఉబ్బినవి, నేను మందు తెచ్చాను, తెచ్చినదాన్ని దూదితో ఎక్కడికక్కడ రాసి ఊరుకుంటే పోయేది, ఊరుకుంటే నేను సగుణని ఎందుకవుతాను, ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు పోయించి మందు కలిపి ఒక్కో పిల్లనూ మెడదాకా ముంచి లేపాను, అదీ మధ్యాహ్నం పూట, తల్లులు కాలువ గట్టున మేతకు పోయిన వేళ చూసి మరీ, తల్లులుంటే గోల కదా, అరుస్తాయి, కుమ్ముతాయి, తొట్టి తన్నేస్తాయి, తల్లులు లేకపోతే ఎంత హాయి, గంటన్నరలో అరవై ఒకటీ అయిపోయాయి ఆత్యా అని చేతులు దులుపుకుని చెప్పాను, ఆత్య కొంగుతో ముక్కు మూసుకుని, ఇదేం కంపే సగూ, కిరసనాయిలు పీపాలో పడి లేచినట్టున్నాయి అంది, ఆ కంపుకే పిడుదులు చస్తాయి అన్నాను, చచ్చాయి కూడా, అబద్ధమెందుకు, వెతికినా ఒక్కటి దొరకదు, మూడో సంవత్సరం పరీక్షలో ఈ ప్రశ్న నాకు వచ్చింది, ఈనిన గొర్రె తన పిల్లను ఎలా గుర్తుపడుతుంది, దూరం నుంచి గొంతును బట్టీ, దగ్గరికి వచ్చాక వాసనను బట్టీ, పాలిచ్చే ముందు తోక దగ్గర వాసన చూసి అప్పుడు నిర్ణయించుకుంటుంది అని రాశాను, పదికి తొమ్మిది వేశారు, ఆ తొమ్మిది మార్కులు ఇప్పుడు ఎవరికైనా తిరిగి ఇచ్చేయొచ్చంటే ఇచ్చేస్తాను, అరవై ఒక్క పిల్లల్నీ ఒకే వాసనలో ముంచానన్న సంగతి నిన్న మంద తిరిగి వచ్చేదాకా నా బుర్రకు తట్టలేదు.

మంద తిరిగొచ్చే ఆ పావుగంట కోసమే మావాళ్లు ఇంత ఎండలో ఇంత దూరం నడుస్తారేమో అనిపిస్తుంది నాకు, ధూళి లేస్తుంది, తల్లులు చేను మలుపు తిరుగుతూనే అరవడం మొదలుపెడతాయి, గంపల కింద నుంచి పిల్లలు జవాబిస్తాయి, ఆడవాళ్లు గంపలు లేపుతారు, ఇటు నుంచి అవి, అటు నుంచి ఇవి, పెళ్లిపందిట్లో రెండు వియ్యాలవారు కలబడ్డట్టు, ఎవరికి ఎవరు ఏమవుతారో మనకు తెలియదు, వాటికి తెలుసు, పావుగంట తిరక్కముందే అరుపులన్నీ ఆగిపోతాయి, పాలు గుటకలేసే చప్పుడు, తోకలు ఆడే చప్పుడు, అంతే, నిన్న కూడా ధూళి లేచింది, గంపలు లేచాయి, పిల్లలు ఉరికాయి, తల్లులు ఉరికాయి, తోక దగ్గర ముక్కు పెట్టాయి, పెట్టిన ముక్కు చటుక్కున తీసి ఒక్క కుమ్ము కుమ్మాయి, ఒకటి కాదు రెండు కాదు, నేను చూసిన ప్రతి గొర్రే కుమ్మింది, పిల్ల పల్టీ కొట్టి లేచి మళ్లీ అమ్మ దగ్గరికే పోయేది, మళ్లీ కుమ్ము, తల్లులు తమ పిల్లలకోసమే అరుస్తున్నాయి, పిల్లలు కాళ్ల దగ్గరే ఉన్నాయి, అయినా అరుస్తున్నాయి, చీకటి పడేదాకా అరుస్తూనే ఉన్నాయి, సిదూ మామ గొంగడి భుజాన వేసుకుని అలా నిలబడిపోయాడు, మామ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, నా వైపు చూడనైనా చూడలేదు, ఆత్య ఒక పిల్లను ఎత్తుకుని వాసన చూసింది, నన్ను చూసింది, పిల్లను కింద దించింది, ఆ దించడంలోనే నా చదువూ నా ఉద్యోగమూ కింద దిగిపోయాయి.

పొద్దున నలుగురం నాలుగు మూలలా పడి గొర్రెల్ని కాళ్లు పట్టి నిలబెట్టి పిల్లల్ని పొదుగులకు కరిపిస్తే ఇరవైకి మించి కుదరలేదు, ఆ ఇరవయ్యీ నాలుగు గుటకలే, గొర్రె మనసు లేకుండా పాలు చేపదు, బలవంతాన కాళ్లు పట్టగలం గానీ పాలు పట్టలేం కదా, మిగతా వాటికి ఏడు మేకల పాలు పంచాం, అరవై ఒక్క నోళ్లకు ఏడు మేకలు ఏమూలకు, సబ్బుతో కడుగుదామని పది పిల్లల్ని కాలువకు మోసుకుపోయాను, అవి వణికాయి, వాటితో పాటు నేనూ వణికాను, ఇప్పుడు సబ్బూ మందూ కలిసిన ఇంకో కొత్త వాసన తయారైంది, అది చూసి ఆత్య పెదవి విరిచింది, రెండు పిల్లలు అప్పటికే తల వాల్చేస్తే ఆజీ ఒళ్లో పెట్టుకుంది, ఆజీ అంటే మామ తల్లి, యేసూబాయి, మకాం మొత్తానికీ ఆజీయే, కళ్లలో పొరలు కమ్మి అయిదేళ్లయింది, వేళ్లు చూపిస్తే ఎన్నో చెప్పలేదు, గంప కింద పిల్ల అరిస్తే మాత్రం ఇది చెవి చీలినదాని రెండో ఈతది, ఇది కుంటిదాని పిల్ల అని చెబుతుంది, ఆ రెండు పిల్లల పొట్టలు తడిమి, ఇవాళ సాయంత్రం కూడా తాగకపోతే రేపు పొద్దున నా ఒళ్లో ఉండవే ఇవి అని మెల్లగా అంది, ఎవర్నీ తప్పుపట్టకుండా, వానొస్తుందేమో అన్నట్టుగా, అది విని నేను లేచి చేను గట్టుకు పోయి ఏడ్చాను, డాక్టరు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు, తల్లుల పొదుగులు ఇంకో రెండు రోజులు ఇలాగే గట్టిపడితే పాలు ఇగిరిపోతాయి, అప్పుడు రెండు కాదు, అరవై ఒకటి.

ఏడ్చి తిరిగొచ్చేసరికి ఆజీకి గోలతో తల పగిలిపోతోందట, నా సంచిలో ఉన్న తలనొప్పి మందు ఇమ్మంది, ఇచ్చాను, వేలుతో చిన్నపిల్లలా ఇంత తీసి నుదురంతా, కణతలంతా, ముక్కుదూలం మీదుగా పైపెదవి దాకా పూసుకుంది, కళ్లు మూసుకుని ఆహా అంది, పక్కనే పొయ్యి మీద జొన్నరొట్టె, ఆత్య పిల్లల దగ్గరుంది, నేను నా బాధలో ఉన్నాను, రొట్టె మాడి నల్ల పొగ లేచి మకాం అంతా కమ్మేసింది, ఆత్య పరిగెత్తుకొచ్చి, పక్కనే కూర్చుని వాసన తెలియలేదా ముసలమ్మా, ముక్కేమైంది నీకు అని అరిచింది, ఆజీ ముక్కు తడుముకుని, ముక్కు నిండా ఈ పిల్ల మందే ఉంది, రొట్టె వాసనెక్కడ దూరుద్దే అంది, అప్పుడు నా తలలో ఏదో టక్కుమంది, మాడిన రొట్టె చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను, ఆజీ ముక్కుకు పక్కనున్న రొట్టే తెలియనప్పుడు గొర్రె ముక్కుకు ఈ మందు రాస్తే తోక దగ్గరి కిరసనాయిలు కంపు తెలుస్తుందా, తెలియదు, అప్పుడు దానికి మిగిలేది చెవులే, నేను ఈ ముక్క గబగబా చెప్పేస్తే ఆత్యకు మాట వచ్చింది, పదహారు గంటల తర్వాత మొదటి మాట, పిల్లలకు కంపు పెట్టింది చాలక తల్లులకూ పెడతావా, మతి ఉందా, నేను తల వంచుకున్నాను, కానీ ఆజీ రొట్టెలో మాడని ముక్క వెతికి తింటూ, కొంకణంలో మూడు రోజులు ముసురు పట్టి పిల్లల ఒంటి వాసన కడుక్కుపోయినప్పుడు గొర్రెలు పాలియ్యడం మానేసినయ్యా ఠకూ, గొంతు పట్టుకునే వెతుక్కునేవి కాదా అంది, ఆత్య వద్దనలేదు, నేను స్కూటరెక్కాను.

సంతపేటలో మూడు దుకాణాలు, మూడింట్లో ఉన్న డబ్బాలన్నీ ఎత్తేశాను, మూడో కొట్టాయన కళ్లజోడు పైకి తోసి, మేడమ్, ఆసుపత్రిలో ఇంతమందికి ఒకేసారి తలనొప్పా అన్నాడు, ఒక్కదానికే, కానీ చాలా పెద్దది అన్నాను, ఆయన నవ్వాడు, నిన్నటి నుంచి నాతో నవ్విన మొదటి మనిషి, వచ్చే దారంతా నాకు ఏ పుస్తకంలోనూ చదవని భయం, ఇది పని చేస్తుందని నాకెవరు చెప్పారు, మాడిన రొట్టె చెప్పింది, పై అధికారికి నివేదికలో ఏమని రాయను, రొట్టె సలహా మీద అని రాయనా, రాసే రోజు వస్తే చూసుకుందాం, ముందు ఇవాళ సాయంత్రం రానీ.

వచ్చింది, గంటలు వినిపిస్తున్నాయి, ముందుండే పొట్టేలు గంట, దాని వెనక ధూళి, సిదూ మామకు మధ్యాహ్నమే కబురు పోయింది, మందను మకాంలోకి రానీయకుండా చేను మొగలోనే అడ్డంగా నిలబడి ఆపాడు, ఇద్దరు అల్లుళ్లు అటూ ఇటూ, కుక్కలు వెనక, గొర్రెలు ఒక్కొక్కటిగా సందులోంచి రావాలి, వచ్చినదాన్ని వచ్చినట్టు ఆత్య మెడ ఒడిసి పట్టుకోవాలి, నేను రెండు ముక్కుపుటాల మధ్యన వేలెడంత మందు రాసి వదలాలి, మొదటిది చెవి చీలిన పెద్ద గొర్రె, రాశాను, అది నన్ను నమ్మలేనట్టు చూసింది, పైపెదవి పైకి మడిచింది, ఒక్క తుమ్ము తుమ్మింది, ఆ తుమ్ము నా ముఖం మీద, రెండోది తుమ్మింది, మూడోది తుమ్మింది, పది దాటేసరికి మకాం అంతా తుమ్ములే, చిన్న తుమ్ములు, పెద్ద తుమ్ములు, వరస తుమ్ములు, పొలం యజమాని జగతాప్ భార్యతో సహా గట్టు మీదకు వచ్చి నిలబడ్డాడు, ఎరువు కోసం గొర్రెల్ని పొలంలో కూర్చోబెట్టించుకున్నవాడు, మొన్ననే తన గేదెను నా దగ్గరికి తోలుకొచ్చి చేతులు కట్టుకుని మేడమ్ మేడమ్ అన్నవాడు, ఈ గొర్రెలన్నిటికీ జలుబు చేసిందా అని మామను అడిగాడు, మామ, మా కోడలుపిల్ల వాటికి తలనొప్పి తగ్గిస్తోంది అన్నాడు, మామ వేళాకోళమాడాడు, మామ నా గురించి వేళాకోళమాడాడు, నా వేళ్లు మండుతున్నాయి, కళ్లు మండుతున్నాయి, అయినా నాకు ప్రాణం కాస్త లేచి వచ్చింది, అరవై ఒకటో ముక్కు అయ్యేసరికి ఇరవై ఏడు డబ్బాలు అయిపోయాయి.

గంపలు లేపండి అన్నాను, లేపారు, ఇప్పుడు రావాలి కదా ఆ గోల, ఆ పెళ్లిపందిరి గోల, రాలేదు, తల్లులు ముక్కులు నేలకు రాసుకుంటూ, తుమ్ముతూ, తలలు విదిలించుకుంటూ ఒకచోట ముద్దగా నిలబడిపోయాయి, ఒక్కటీ పిలవడం లేదు, పిల్లలు గంపలు లేచినా లేవలేదు, నిన్న కుమ్ములు తిన్న పిల్లలు, పొద్దున మళ్లీ తిన్న పిల్లలు, ఇంక అరిచి లాభం లేదని నేర్చుకున్న పిల్లలు, కాళ్లు మడుచుకుని అలాగే కూర్చున్నాయి, రెండింటి మధ్య నలభై అడుగుల ఖాళీ నేల, నేను ముక్కులు మూయడం గురించే ఆలోచించాను, చెవులకు వినిపించేది ఏదన్నా ఉండాలి కదా అని ఆలోచించనేలేదు, మళ్లీ అదే తప్పు, సగం ఆలోచించి లేవడం, మామ ముఖం లోని ఆ కాస్త వేళాకోళమూ ఆరిపోయింది, ఆత్య నా వైపు చూసింది, ఇప్పుడేంటి అన్నట్టు, నాకు తెలియదు ఆత్యా, నిజంగా తెలియదు, పొద్దు చేను మీద వాలుతోంది, ఆజీ ఒళ్లోని రెండూ కళ్లు తెరవడం లేదు.

అప్పుడు ఆజీ, ఏమైందే అంత నిశ్శబ్దం, పిలవకపోతే ఎట్టా పలుకుతాయే అవి, పిలువు అంది, ఎవరు పిలవాలి ఆజీ, నువ్వే, నాకు పళ్లు లేవు, గాలి పోద్ది, ఠకూకి ఆ గొంతు ఏనాడూ లేదు, దానిది తిట్టే గొంతు, నువ్వు పిలిచేదానివి, చిన్నప్పుడు గంప కింద కూర్చుని తల్లి గొర్రెలా ఎంత బాగా పిలిచేదానివంటే పిల్లలు నీ పావడా చీకేవి, నాకు ముఖమంతా వేడెక్కింది, జగతాప్ ఉన్నాడు, ఆయన భార్య ఉంది, రేపు వాళ్ల గేదెకు నేనే సూది వెయ్యాలి, అయినా ఆ ఖాళీ నేల మధ్యకు పోయి మోకాళ్ల మీద, చేతుల మీద కూర్చున్నాను, ఆ శబ్దం ఎలా ఉంటుందో నాకు గుర్తుందా అసలు, అది అరుపు కాదు, నోరు తెరవకూడదు, ఈనగానే గొర్రె తన తడి పిల్లను నాకుతూ గొంతు అడుగున చేసే శబ్దం, ఊఁఊఁఊఁ అని వణుకుతూ, మందలో ఇంకెవరితోనూ అది అలా మాట్లాడదు, నేను ఊఁ అన్నాను, దగ్గు వచ్చింది, జగతాప్ భార్య కిసుక్కుమంది, నవ్వనీ, మళ్లీ అన్నాను, పొట్టలోంచి తీసి, కళ్లు మూసుకుని, ఊఁఊఁఊఁ, ఊఁఊఁఊఁ, పదేళ్ల హాస్టలు, అయిదేళ్ల కాలేజీ, గోడ మీద అద్దం పటం కట్టించిన పట్టా, చివరికి చేలో నాలుగు కాళ్ల మీద గొర్రెలా మూలుగుతున్నాను, విచిత్రమేమిటంటే నాకు సిగ్గుగా లేదు, గొంతులో ఏదో పాత తలుపు తెరుచుకున్నట్టుంది, ఆజీ ఒళ్లో పిల్ల చెవి కదిలింది, అదిగో, గంపల దగ్గర నల్ల మూతిది తలెత్తింది, మే అంది, చిన్నగా, అనాలా వద్దా అన్నట్టు, దాని పక్కది అంది, ఆ పక్కది అంది, ఒకటి అంటే నేనూ అన్నట్టు అరవై ఒక్క గొంతులూ ఒక్కసారి లేచాయి.

అటు ముద్దగా ఉన్న మందలో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి, ఆ తిరగడం, అబ్బ ఆ తిరగడం, నాకు ఎక్కడో తెలిసిన తిరగడం, ఏడేళ్లప్పుడు, హాస్టల్లో పేలు పడ్డాయని నా జుట్టంతా కత్తిరించేశారు, ఖాకీ గౌను, ముఖం నిండా పౌడరు, మొదటి సెలవులకు బస్సు దిగాను, ఆయీ తొమ్మిది గజాల చీర గోచీ పోసి కట్టుకుని, చేతిలో రొట్టెల మూట పట్టుకుని బస్సు చుట్టూ తిరుగుతోంది, కిటికీలన్నిట్లోకీ తొంగి చూస్తోంది, నా పక్క నుంచే రెండుసార్లు పోయింది, నన్ను చూసింది కూడా, చూసి ఎవరో ఊళ్లో పిల్లనుకుని దాటిపోయింది, మా ఆయీకి నేను తెలియకుండా పోయానని చచ్చేంత భయం వేసింది, అప్పుడు ఆయీ అన్నాను, ఒక్కసారే, అంత రద్దీలో, అంత మోతలో, ఆమె నన్ను చూడకముందే ఒళ్లంతా ఇటు తిరిగిపోయింది, మూట కింద పడింది, రొట్టెలు రోడ్డు మీద దొర్లాయి, ఇప్పుడీ గొర్రెలు అలాగే తిరిగాయి, ముందు చెవులు, తర్వాత తల, తర్వాత మొత్తం గొర్రె, చెవి చీలినది గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచింది, ఖాళీ నేల మీదుగా ఉరికింది, నా వీపు మీదుగా దూకింది, నేను బోర్లా పడ్డాను, పడి కూడా నవ్వుతున్నాను, నోట్లో మట్టి.

నల్ల మూతిది ఎదురు పరిగెత్తి తల్లి పొదుగు కింద దూరింది, తల్లి వెనక్కి తిరిగి తోక దగ్గర ముక్కు పెట్టింది, వాసన చూసింది, తుమ్మింది, మళ్లీ చూసింది, మళ్లీ తుమ్మింది, ఏమీ తేలక అనుమానంగా నిలబడింది, కింద నుంచి పిల్ల పొదుగు నోట పెట్టుకునే మే అంది, తల్లి గొంతు అడుగున ఊఁఊఁఊఁ అంది, నా దానికంటే చాలా బాగా, ఒక వెనక కాలు కాస్త వెడల్పు చేసింది, పిల్ల తోక గిరగిరా తిరగడం మొదలైంది, పాలు చేపిందీ అని ఆత్య అరిచింది, తోక ఆడుతోంది సగూ, తోక చూడవే, ఆ తర్వాత నేనెటు చూడాలో నాకు తెలియలేదు, ఇటొక తోక, అటొక తోక, తుమ్ములూ తోకలూ, ఒక గొర్రె తప్పు పిల్లను రానిచ్చి ఆ పిల్ల అరవగానే నాలుక కరుచుకున్నట్టు తోసేసి అసలుదాన్ని వెతుక్కుంది, ఆజీ ఒళ్లోని రెంటినీ మామ చంకలో పెట్టుకుని పోయి ఆజీ చెప్పిన తల్లుల కింద దించాడు, ఒకటి వెంటనే తాగింది, రెండోదానికి తల నిలవకపోతే మామే గడ్డం కింద అరచెయ్యి పెట్టి నిలిపాడు, అదీ తాగింది, నాలుగో అయిదో గొర్రెలు మాత్రం ఎంత పిలిచినా ఒప్పుకోలేదు, వాటి పిల్లల్ని ఇవాల్టికి మేకల కిందికి తోశాం, ఆ మేకలు మంచివి, ఎవరొచ్చినా కాదనవు.

అరుపులు ఒక్కొక్కటే తగ్గి, తగ్గి, చివరికి గుటకల చప్పుడే మిగిలింది, ఆత్య ఖాళీ డబ్బా అంచున మిగిలిన మందు వేలితో గీకి తన నుదుటికి రాసుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది, నా ప్యాంటు మీది మట్టి దులుపుతూ, మళ్లీ పిడుదులొస్తాయి, వచ్చినప్పుడు మధ్యాహ్నం రామాకే సగూ, తల్లులున్నప్పుడు రా, కుమ్మితే కుమ్మించుకో అంది, అంటే మళ్లీ రమ్మంటోంది, నన్ను, మళ్లీ, ఈ చేతులతోనే, సరే ఆత్యా అన్నాను, ఇంకేదో అనబోతే గొంతు పెగల్లేదు, గొర్రెలా మూలిగీ మూలిగీ బొంగురుపోయింది, దానికి ఆత్య పొట్ట పట్టుకుని నవ్వింది, జగతాప్ భార్య ఈ తతంగం అంతా అయ్యాక గట్టు దిగి వచ్చి, మా గేదెకూ ఇట్లా పిలుస్తారా మేడమ్ అని అడిగింది, దాని భాష ఇంకా నేర్చుకోలేదమ్మా, నేర్చుకుని వస్తాను అన్నాను, వేళాకోళానికే అన్నాను గానీ అనగానే అది నిజమని తెలిసింది.

ఎన్ని తాగుతున్నాయో లెక్క పెట్టు అని ఆత్య నవ్వాపుకుని అడిగితే లేచి నిలబడి లెక్క మొదలుపెట్టాను, ఒకటి, రెండు, ఏడు, తొమ్మిది, పదమూడు దగ్గర తప్పిపోయాను, మళ్లీ మొదటి నుంచి, మళ్లీ తప్పిపోయాను, ఎందుకంటే ఈ మసక వెలుతురులో పిల్ల ఎక్కడ అయిపోయి తల్లి ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు, పిల్ల తల తల్లి పొట్ట కింద కనబడకుండా పోయింది, తల్లి ముక్కు పిల్ల తోక దగ్గర ఉంది, పాలు ఇటు నుంచి అటు పోతున్నాయి, ఊఁ అన్న మూలుగు అటు నుంచి ఇటు వస్తోంది, ఒకటే చుట్టు, ఒకటే ప్రాణి, రెండు గొంతులు, ఎనిమిది కాళ్లు, పగలంతా దాంట్లో సగం గంప కిందా సగం కాలువ గట్టు మీదా ఉంటుంది గానీ అప్పుడు కూడా అది ఒకటే, పుస్తకంలో గొర్రె ఒక పేజీ, గొర్రెపిల్ల ఇంకో పేజీ, నేను నిన్న మధ్యాహ్నం ఒక పేజీ తెరిచి రెండోది లేని వేళ చూసుకుని ఎంత హాయి అనుకున్నాను, అరవై ఒక్క పిల్లలకు మందు పెట్టానని గొప్పగా చెప్పుకున్నాను, ఇక్కడ అరవై ఒక్క పిల్లలు ఎప్పుడూ లేవు, ఎనిమిది కాళ్ల ప్రాణులున్నాయి, నేను నాలుగు కాళ్లు చూసి వైద్యం చేశాను.